పద్దెనిమిదో పిల్ల

ఉత్తమ ఉపాధ్యాయురాలి అవార్డంటే ఎవరో మన గొప్పతనం కనిపెట్టి పిలిచి ఇస్తారనుకుంటారు బయటివాళ్లు. అదేం కాదు. మనమే దరఖాస్తు పెట్టుకోవాలి. మన గొప్పలు మనమే రాసుకుని, మొక్కలు నాటిన ఫొటోలు, పిల్లలతో నవ్వుతున్న ఫొటోలు అంటించి ఫైలు పంపాలి. నేను వరుసగా మూడేళ్లు పంపాను. నా తర్వాత ఉద్యోగంలో చేరినవాళ్లు శాలువాలు కప్పుకుని వాట్సాప్‌లో ఫొటోలు పెడుతుంటే కడుపు మండేది. అబద్ధం ఎందుకు, బాగానే మండేది.

మా బడి ఎనుమాముల మార్కెట్ యార్డు దగ్గర. హనుమకొండ నుంచి రెండు ఆటోలు మారి వెళ్లేదాన్ని. అందరూ హమాలీల పిల్లలు, మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ల పిల్లలు. సీజన్లో వాళ్ల బట్టలకంటిన ఘాటుకు పాఠం మధ్యలో నేను తుమ్మితే క్లాసంతా నవ్వేది. నేను మంచి టీచర్నే, ఆ మాట ఎవరి ముందైనా అంటాను. పాఠం ఎగ్గొట్టిన రోజు లేదు. నోరే కాస్త పెద్దది.

మూడో ఏడాది అవార్డు కోసమని అధికారులు బడి చూడడానికి వస్తున్నామని ఫోన్ చేశారు. పిల్లల్ని ఒక్కొక్కరినే లేపి చదివిస్తారు. నా మూడో తరగతిలో పద్దెనిమిది మంది. పదిహేడు మంది గడగడా చదువుతారు. ఒక్క ఆడపిల్లకు మాత్రం అక్షరాలు వచ్చు గానీ కూడబలుక్కోవడం రాదు. తల్లి యార్డులో పని కోసం వస్తే, ములుగు వైపు నుంచి ఆ ఏడే వచ్చి చేరింది.

ముందురోజు సాయంత్రం ఆఖరిసారి చదివించి చూశాను. మొదటి వాక్యంలోనే ఆగిపోయింది. నాకు ఒళ్లు మండింది.

“రేపు నువ్వు బడికి రాకు. చదువొచ్చినంకనే రా. అందర్ల నా ఇజ్జత్ తీస్తవా?” అన్నాను.

తలూపింది. పుస్తకాలు సంచిలో సర్దుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పదిహేడు మందీ అదరగొట్టారు. హాజరు నిండుగా కనబడాలని ఆ పిల్ల కూడా వచ్చినట్టే రిజిస్టరులో గుర్తు పెట్టాను. “ఒకరు తక్కువున్నరేంది మేడం?” అన్నాడు అధికారి. “కడుపునొప్పి అంటే ఇప్పుడే ఇంటికి పంపాను సార్” అన్నాను తడుముకోకుండా. “పిల్లల మీద మంచి శ్రద్ధ” అంటూ ఆయన కాగితంలో ఏదో రాసుకున్నాడు. నాకు అప్పుడు సిగ్గనిపించలేదు. ఇన్నాళ్ల తర్వాత నన్ను తినేస్తున్నది అదే.

అవార్డు ఖాయమైందని కబురొచ్చింది. తోటి టీచర్లు “పార్టీ ఎప్పుడక్కా?” అని ఒకటే గోల. ఆ పిల్ల రావడం లేదని తెలుసు, జ్వరమో ఏమో, వస్తుందిలే అనుకున్నాను. పిల్లలకు పంచడానికి పద్దెనిమిది లడ్డూలు తీసుకెళ్లిన రోజు డబ్బాలో ఒకటి మిగిలింది. అప్పటికి ఆ పిల్ల బడికి రాక పన్నెండు రోజులు. డబ్బా చేతిలో పట్టుకునే యార్డుకు నడిచాను.

తల్లి షెడ్డు కింద మిర్చి రాశి ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి గబగబా లేచింది.

“బిడ్డను బడికి ఎందుకు పంపుతలేవమ్మా?” అన్నాను. చూడండి, అప్పుడు కూడా తప్పు వాళ్లదే అన్నట్టు.

“అయ్యో, మీరే రావద్దన్నరట గద టీచరమ్మా! చదువొచ్చినంకనే రమ్మన్నరట. నేను తోలినా పోతలేదు. పొద్దందాక గా బుక్కు పట్టుకొనే కూసుంటాంది. నాకు చదువు రాకపాయె. వచ్చిపోయే హమాలోళ్లను అడుక్కుంట నేర్చుకుంటాంది.”

ఆ గొంతులో కోపం ఇసుమంత లేదు. టీచరమ్మ చెప్పిందంటే ఏదో మంచికే చెప్పి ఉంటుందన్న నమ్మకం. నాకు తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది.

బస్తాల పక్క నుంచి పిల్ల లేచి వచ్చింది. నేనేమీ అడగకముందే పుస్తకం తెరిచింది. వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ మొదటి పాఠం మొత్తం చదివింది. రెండో పాఠం సగంలో ఆగింది. ఇంకో రెండుసార్లు ప్రయత్నించి, భయంభయంగా నా మొహంలోకి చూసింది.

“గింతే వచ్చింది టీచర్. మిగిలింది గూడ వచ్చేదాక ఆగాల్నా, రేపు బడికి రావచ్చునా?”