దుంగల ఇంట్లో పొంగని పాలు

“రావే, పీటల మీద మనిద్దరమే కూర్చోవాలట. పాలు నువ్వే పొంగించాలి.”

“మీ దుంగల కొంపలో మీరే పొంగించుకోండి. నేను రాను.”

మా ఆయనకీ నాకూ అవే ఆఖరి మాటలు. నాకు రాయడం రాదు, చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది.

2010 ప్రాంతంలో మేము అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో అమ్మాయి దగ్గరే ఉండేవాళ్లం. అక్కడి తెలుగువాళ్లు, పిల్లలు క్యాంపుకి వెళ్తే పడుకోడానికని అడవిలో దుంగలతో ఇల్లు కట్టారు. అందరూ ఇంజనీర్లే, ఉలి పట్టడం ఒక్కరికీ రాదు. మా ఆయన వడ్రంగి. రెండేళ్లు ప్రతి శనివారం వెళ్లి పని నేర్పారు. “తాతా, ఈ లాగ్ నేనే కట్ చేశా” అని పిల్లలంటే మురిసిపోయేవారు. ఇంట్లో నన్నొక్కదాన్నే వదిలేస్తున్నారని నాకు కోపం. అదంతా గృహప్రవేశం రోజున చూపించాను.

మధ్యాహ్నం, ఆయన ఆ దుంగల ఇంట్లోనే పడిపోయారని ఫోనొచ్చింది. అమ్మాయీ నేనూ వెళ్లేసరికే గుండె ఆగి పోయారు.

లోపల పీటలు రెండూ ఖాళీగా ఉన్నాయి. పాలగిన్నె ఇంకా పొయ్యి ఎక్కలేదు.

“వేరే జంటని కూర్చోబెడదామంటే అంకుల్ వినలేదు ఆంటీ. మా ఆవిడ కోపం ఎంతోసేపు ఉండదు, వచ్చేస్తుంది, ఆగండి అన్నారు” అని ఒకబ్బాయి చెప్పాడు.

ముహూర్తం దాటినా ఆగారట. అరగంట దారి. నేనేమో టీవీ ముందు కూర్చున్నాను.

ఆ ఇంట్లో ఇప్పటికీ పిల్లలు పడుకుంటున్నారట. నేను మళ్లీ గడప తొక్కలేదు. అలిగితే అలగండి గానీ, పిలిచిన చోటికి వెళ్లి అక్కడ అలగండి.

ఇంతేనమ్మా. రాసింది ఒకసారి చదివి వినిపించు, మీ నాన్న మాట సరిగ్గా పడిందో లేదో.