ఈ ఛానల్ మీ ప్యాకేజీలో లేదు

నిన్న సాయంత్రం ధనియాల కోసం షేక్‌పేట పాత ఊళ్లోని పచారీ కొట్టుకు వెళితే, కొట్టతను ఎవరికో అతిమధురం కట్టెలు పొట్లం కడుతున్నాడు. పక్కనే విప్పి ఉన్న మిరియాల సంచీ, శొంఠి కొమ్ములు, వాటి ఘాటులో కలిసిన ఆ కట్టెల తీపి వాసన ముక్కుకు తగిలేసరికి, కొనాల్సినవి మరచిపోయి పదేళ్ల పిల్లనై మా పాత వంటింట్లో నిలబడ్డాను. మా అమ్మ సినిమాలకు డబ్బింగ్ చెబుతుంది. ఇంకో ఇంట్లో జలుబు చేస్తే కాచుకునే కషాయం మా ఇంట్లో కాఫీలాగా రోజూ కాగేది. స్టూడియోకు వెళ్లే ముందురోజు పెరుగు లేదు, చన్నీళ్లు లేవు, గట్టిగా నవ్వడం లేదు, నన్ను తిట్టడం కూడా లేదు. అందుకే అమ్మకు పని తగిలిన రోజులంటే నాకు పండగ.

ఫిల్మ్‌నగర్‌లో గుట్ట మీదికి ఎక్కే ఒక సందులో, యాదమ్మ ఇంటి మేడ మీద రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. నాన్న సినిమాల్లో ప్రొడక్షన్ అసిస్టెంటు. అవుట్‌డోరుకని వెళితే నెలకో నెలన్నరకో గడ్డం పెంచుకుని తిరిగొచ్చేవాడు, డబ్బు మాత్రం ఆయన వెనకాల ఇంకో రెండు నెలలకు వచ్చేది. మేడ మీంచి ఒక వైపు చూస్తే జూబ్లీహిల్స్ బంగళాల ఎత్తైన గోడలూ, గోడల మీంచి తొంగిచూసే కాగితప్పూలూ కనపడేవి. ఇంకో వైపు షేక్‌పేట ఇళ్ల కప్పులూ, వాటి మీద ఆరేసిన బట్టలూ. మధ్యలో మా సందు. సెట్లు విప్పేశాక మిగిలిన థర్మోకోల్ స్తంభాలు ఎవరో తెచ్చి సందు చివర పడేస్తే, మేం పిల్లలం వాటిని గీతలుగా పేర్చుకుని కబడ్డీ ఆడేవాళ్లం. రాజదర్బారు స్తంభాల మధ్య మోకాళ్లు చెక్కుకుపోయేలా ఆడిన పిల్లలు మేం తప్ప ఇంకెక్కడా ఉండి ఉండరు. ఆషాఢంలో బోనాల నాడు యాదమ్మ వేపాకుల వాసనతో, పసుపు కాళ్లతో మేడెక్కి బెల్లమన్నం, మటన్ కూర ఇచ్చి పోయేది. శ్రావణ శుక్రవారం అమ్మ పూర్ణం బూరెలు పళ్లెం నిండా కిందికి పంపేది. ఆ రెండు పళ్లేల మధ్య వానాకాలం గడిచిపోయేది.

మాతోనే అమ్మ వాళ్ల నాన్న, మా తాతయ్య, ఉండేవాడు. భీమవరం దగ్గర పల్లెలో వయసున్నప్పుడు చెడుగుడు ఆడిన మనిషి. నీటికాసుల జబ్బుతో, అదే గ్లకోమాతో, చూపు దాదాపు పోయింది, నీడలు మాత్రం ఆనేవి. మాట తక్కువ, కోపం ఎక్కువ. ఇంట్లో ఎవరైనా గలగలమంటే చెయ్యెత్తి ఆపేవాడు. అలాంటి మనిషి టీవీలో కబడ్డీ పోటీలు మొదలయ్యాయంటే మాత్రం కుర్చీ టీవీ ముందుకు లాక్కుని, చెవి తెర వైపు తిప్పి, కూతకు వెళ్లినవాడి ఊపిరితో పాటు తన ఊపిరీ బిగబట్టి కూర్చునేవాడు. ఎదుటివాళ్లు వాణ్ని పట్టేస్తే ‘తప్పు కాలు పెట్టాడు వెధవ’ అని, చూసినట్టే చెప్పేవాడు. నేను పక్కన కూర్చుని ఎవరి చొక్కా ఏ రంగో చెప్పేదాన్ని. అది మా ఇద్దరి ఉద్యోగం.

ఆ ఏడాది అమ్మకు ఒక వింత పని దొరికింది. మా ఇంట్లో ఉన్న డిష్ కంపెనీవాళ్లే, డబ్బు కట్టని ఛానల్ పెట్టినప్పుడు వినపడే ప్రకటన రికార్డు చేయించారు. ‘క్షమించండి. ఈ ఛానల్ మీ ప్యాకేజీలో లేదు. చూడాలంటే నెలకు అదనంగా తొంభై రూపాయలు మాత్రమే.’ అంతే. అందులో ‘మాత్రమే’ అన్న మాట నవ్వుతూ చెప్పాలట. పదకొండు సార్లు చెప్పించుకుని గానీ వదల్లేదని అమ్మ ఇంటికొచ్చి నవ్వింది. ఒక్కసారి డబ్బిచ్చి లక్షలమందికి వినిపించుకునే బేరం అది. మొదట్లో మాకు గొప్పగానే ఉండేది. నేనూ తాతయ్యా పని గట్టుకుని మాకు లేని ఛానళ్లన్నీ తిప్పి అమ్మను వినేవాళ్లం.

పోటీలు మొదలవడానికి సరిగ్గా వారం ముందు, అప్పటిదాకా మామూలు ప్యాకేజీలో ఉన్న కబడ్డీ ఛానల్‌ను తీసుకెళ్లి పెద్ద ప్యాకేజీలో పడేశారు. ఆ లెక్క నాకు ఇప్పుడు అర్థమవుతుంది. జనం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసే ఛానల్ ఒకటి తీసుకోవడం, దానికి ఎవరికీ పట్టని గోల్ఫూ కార్ల పందేలూ పడవ పోటీలూ చూపించే ఇంకో ఏడు తగిలించడం, ఒక్కటే కావాలంటే కుదరదనడం, పైగా మూడు నెలల డబ్బు ముందే కట్టమనడం. ఆట చూస్తే నెల రోజులు, డబ్బు మూడు నెలలకు. వంకాయ కొనాలంటే గంపంతా కొనమన్నట్టు. ఆ నెల నాన్న డబ్బు రాలేదు, నా స్కూలు ఫీజు కట్టాలి. అమ్మ వేళ్ల మీద లెక్కపెట్టి, ‘ఈసారికి వద్దులేవే’ అంది.

దాంతో పోటీల మొదటి సాయంత్రం తాతయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, నేను రిమోట్ నొక్కాను, నీలం తెర మీద మా అమ్మ నవ్వుతూ లేదంది. తాతయ్య టీవీ వైపే తిరిగి, ‘సరేలే అమ్మాయ్’ అన్నాడు. రోజూ అంతే. ఏదో ఒక రోజు వస్తుందేమోనని పెట్టమనేవాడు, అమ్మ లేదనేది, ఆయన సరేలే అనేవాడు. వంటింట్లో గరిటె చప్పుడు ఆ క్షణంలో ఆగేది.

సందులో నా పరువు పూర్తిగా పోయింది. యాదమ్మ మనవడు శ్రీను నన్ను ఆటలోకి రానివ్వలేదు. ‘మీ అమ్మనే కదనే బంద్ చేసింది! మా టీవీల గూడ ఆమెనే లేదంటుంది, నేను ఇన్న’ అన్నాడు. యాదమ్మ మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ, ‘ఏంది బిడ్డా, మీ అమ్మ కిరాయి ఇయ్యనీకి తిప్పలు పడతది, టీవీల గూసోని మమ్మల్నే తొంభై అడుగుతది’ అని పడీపడీ నవ్వింది. ఆమె వేళాకోళానికే అంది, నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. పదేళ్లదాన్నయినా గొంతు వేరు, కంపెనీ వేరని తెలియకపోలేదు. తెలిసినా సరే, ‘లేదు’ అని ఇంత తియ్యగా చెప్పగలిగిన మనిషి ‘ఉంది’ అని ఎందుకు చెప్పలేకపోయిందని అమ్మ మీద అలిగాను.

ఆ నెలలోనే అమ్మకు అసలైన అవకాశం వచ్చింది. అప్పటిదాకా గుంపులో అరుపులకూ, హీరోయిన్ల స్నేహితురాళ్లకూ, చంటిపిల్లల ఏడుపులకూ చెప్పిన అమ్మను, మొదటిసారి ఒక హీరోయిన్‌కు గొంతు పరీక్షకు రమ్మన్నారు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి. వారం ముందునుంచీ అమ్మ బుగ్గన కరక్కాయ ముక్క, సైగలతోనే సంసారం. ‘ఇది వస్తే పెద్ద ప్యాకేజీ తీసుకుందామే, ఏడాదికి’ అని నా చెవిలో గుసగుసగా చెప్పింది. ఆ మాట చెప్పినప్పుడు ఆమె మొహం ఎలా వెలిగిందో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

ఫైనల్ ఆదివారం సాయంత్రం పడింది. ముసురు పట్టి సందంతా బురద. తాతయ్య మామూలుగానే పెట్టమన్నాడు, నేను పెట్టాను, అమ్మ లేదంది, ఆయన ‘సరేలే అమ్మాయ్’ అన్నాడు, కానీ ఆ రోజు కుర్చీలోంచి లేవలేదు. ఆ నీలం తెర వెలుగు మొహం మీద పడుతుండగా అలాగే కూర్చున్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. వంటింట్లోకి పరిగెత్తి, ‘నువ్వే కదా లేదంటున్నావు! నీ గొంతు వింటేనే నాకు అసహ్యం’ అని అరిచాను.

అమ్మ పొయ్యి కట్టేసింది. చేతులు కడుక్కుని, నాన్న పాత ఫోను తీసుకుని తాతయ్య పక్కన నేల మీద కూర్చుంది. ఆ ఫోనులో ఆట బొమ్మ రాదు, దాని చోట ఓ గుండ్రటి గుర్తు తిరగలిలా తిరుగుతూ ఉంటుంది. ఎవరు కూతకు వెళ్లారు, ఎన్ని పాయింట్లు అన్న ముక్కలు మాత్రం వచ్చేవి. అమ్మ బుగ్గలోని కరక్కాయ తీసి పక్కన పెట్టి, ఆ ముక్కల్నే పట్టుకుని ఆట చెప్పడం మొదలుపెట్టింది. మొదట వార్తలు చదివినట్టు, సన్నగా, గొంతు దాచుకుంటూ. తర్వాత మెల్లగా అడుగుల చప్పుడు వచ్చింది, విజిల్ వచ్చింది, గుంపు గోల వచ్చింది. రాని చోట కల్పించింది కూడా. ఏడో నంబరు కుర్రాడు తొడ చరుచుకున్నాడని ఆ ఫోను ఎక్కడ చెప్పింది? శ్రీనూ వాళ్లూ ఒక్కొక్కళ్లే మెట్లెక్కి వచ్చి గుమ్మంలో కూర్చున్నారు, వాళ్ల వెనక యాదమ్మ. పిల్లల కేకల్లో తాతయ్యకు వినపడక ముందుకు వంగాడు.

‘గట్టిగా చెప్పు అమ్మాయ్. ఇంకా గట్టిగా’ అన్నాడు.

అమ్మ చూపు పక్కన పెట్టిన కరక్కాయ ముక్క మీదికి వెళ్లింది. నేను ఆమెనే చూస్తున్నాను. పొద్దున పరీక్ష ఉందని ఆ గదిలో తెలిసిన రెండో మనిషిని నేనే. వద్దమ్మా అని ఒక్క మాట అనవచ్చు. అనలేదు. నాకు ఆఖరి కూత కావాలి.

మనవాళ్లు ఒక్క పాయింటు వెనక ఉన్నారు, ఇద్దరిని ముట్టుకుని గీత దాటితే గెలుపు. అమ్మ ఛాతీ నిండా ఊపిరి పీల్చి తనే కూతకు వెళ్లింది. కబడ్డీ కబడ్డీ కబడ్డీ అని ఒకే ఊపిరిలో, మెడ నరాలు తేలేదాకా, గది మారుమోగేలా, కన్ను ఫోను మీదే పెట్టి. ఫోనులో తర్వాతి ముక్క వచ్చింది. పట్టేశారు. ‘పట్టేశారు నాన్నా’ అన్న మాట మధ్యలోనే అమ్మ గొంతు గుడ్డ చిరిగినట్టు చిరిగిపోయింది. ఓడిపోయాం. తాతయ్య మాత్రం గెలిచినట్టు తొడ చరిచి, ‘ఏం ఆటే! ఏం ఆటే!’ అని పగలబడి నవ్వాడు. యాదమ్మ కళ్లు తుడుచుకుంటూ, ‘టీవీల కంటే నువ్వే మంచిగ జెప్పినవ్ బిడ్డా’ అంది.

మర్నాడు నేను బడినుంచి వచ్చేసరికి అమ్మ బియ్యం ఏరుతోంది. ఏమైందని అడిగితే తల అడ్డంగా ఊపింది. నాలుగు రోజులు గొంతు పెగల్లేదు. ఆ లోగా ఆ పాత్ర వేరొకరికి వెళ్లిపోయింది. తాతయ్యకు ఆ సంగతి చెప్పొద్దని నా చేత చేతిలో చెయ్యి వేయించుకుంది. రెండేళ్లకు ఆయన పోయాడు, తెలియకుండానే.

ఇప్పుడు కావాల్సిన ఛానల్ ఒక్కటే విడిగా కొనుక్కోవచ్చు, ఫోనులో రెండు నొక్కులతో. యాదమ్మ ఇల్లు పడగొట్టి అయిదంతస్తులు కట్టారు. థర్మోకోల్ స్తంభాల చోట కార్లు నిలుస్తున్నాయి. ఛానల్ లేదని చెప్పేది ఒక యంత్రం గొంతు, దానికి ‘మాత్రమే’ దగ్గర నవ్వడం రాదు. హీరోయిన్లకు చెప్పే అవకాశం అమ్మకు మళ్లీ రాలేదు. వాళ్ల అక్కలకూ వదినలకూ చెబుతూ చెబుతూ ఇప్పుడు అమ్మల దాకా వచ్చింది.

నిన్న రాత్రి అన్నాలయ్యాక, పన్నెండేళ్లుగా గొంతులో అడ్డం పడి ఉన్నది చివరికి అడిగేశాను. నా వల్లే కదమ్మా ఆ అవకాశం పోయింది, నేనలా అరవకపోతే నువ్వు ఆ ఫోను తీసేదానివే కాదు, అన్నాను. అమ్మ నావైపు వింతగా చూసింది.

‘నీవల్లా? పిచ్చిమొహమా, నీ అరుపుకైతే కాసేపు గొణిగి లేచిపోదును. చిన్నప్పుడు నేను గట్టిగా నవ్వితేనే చెయ్యెత్తేవాడే మా నాన్న, ఆడపిల్ల గొంతు గడప దాటకూడదని. డబ్బింగులో చేరితే, గొంతు అమ్ముకుంటోందని రెండేళ్లు నాతో మాట్లాడలేదు. అలాంటి మనిషి ఇంకా గట్టిగా చెప్పమని అడిగాడు. పొద్దున పరీక్ష ఉందని నోరు మూసుకుంటానా?’