ఇస్మాయిల్ టాంగా మీద దిగిన పావురం

గ్రంథాలయంలో చేతికొచ్చిన ఒక కరపత్రం నన్ను జహీరాబాద్ బస్సెక్కించింది. స్పెయిన్‌లో మగ పావురాల రెక్కలకు రంగులద్ది, ఒకే ఆడ పావురం వెంట వాటన్నిటినీ వదులుతారట. చివరిదాకా దాన్ని విడవకుండా నిలిచిందే గెలుస్తుందట. మన దగ్గర జహీరాబాద్‌లో ఏటా జరిగే పావురాల పందెం కలవారి సరదా అంటారు. అది నిజమో కాదో నా కళ్లతోనే తేల్చుకోవాలనుకున్నాను.

గౌలిగూడలో ఐదింటికి మొదటి బస్సు, టికెట్ మూడు రూపాయలు. సదాశివపేటలో చాయ్‌కి ఆగుతుంది. చెరకు బళ్లు అడ్డం రాకపోతే తొమ్మిదికల్లా జహీరాబాద్. బయట టాంగా ఎక్కబోతే, తోలే ఇస్మాయిల్ ఈ రోజు కిరాయి లేదన్నాడు. సీటు కింద బుట్టలో తెల్ల పావురం ఉంది. తను పందేనికే పోతున్నాడట. నేనూ అందుకే వచ్చానంటే ఊరికే ఎక్కించుకున్నాడు.

పదింటికి పావురాలన్నిటినీ ఎగరేస్తారు. సాయంత్రం అజాన్‌లోపు ప్రతిదీ తన యజమాని కప్పు మీదే దిగాలి. అందరికంటే ఆలస్యంగా దిగింది గెలిచినట్టు. మైదానంలో పేర్లు రాసుకుంటున్న ఊరి పటేల్ ఇస్మాయిల్‌ను చూడగానే కలం మూసి, మిద్దె లేనోళ్లకు ఇక్కడ పని లేదన్నాడు. ఇస్మాయిల్ ఉండేది ఒకరి కొట్టంలో అద్దెకు. నాకు రక్తం ఉడికింది. ఆకాశానికి కూడా పట్టాలున్నాయా అని అరిచాను. ఇస్మాయిల్ నా భుజం పట్టి వెనక్కి లాగాడు.

"నువ్వు జర ఊకో తమ్మీ," అని టాంగా కప్పు మీద చెయ్యి వేశాడు. "పటేల్ సాబ్, నా కబూతర్ దీని మీదనే పెరిగింది. మీ మిద్దె ఆడ్నే ఉంటది, నాది నడుస్తది. గంతే ఫరక్."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పటేల్ కాదనలేకపోయాడు. ఎగరెయ్యి గానీ పేరు సంగతి దిగినంక చూస్తానన్నాడు. టాంగా కదిలితే మాత్రం ఒప్పుకోనన్నాడు.

ఇస్మాయిల్ గుర్రాన్ని విప్పేసి, రోజంతా మైదానంలో టాంగా పక్కనే కూర్చున్నాడు. జొన్నరొట్టె, మిరప తొక్కు నాకూ సగం పెట్టాడు. పావురాలు ఒక్కొక్కటే దిగిపోయాయి. పొద్దు వాలేసరికి పైన రెండే మిగిలాయి. పటేల్‌ది ముందుగా తన మిద్దె మీద వాలింది. ఇక తెల్లది దిగితే చాలు, గెలుపు ఇస్మాయిల్‌దే. అది చుట్లు తిరుగుతూ టాంగా మీదికి వస్తుంటే ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టాను.

పావురాలను పైకి తోలడానికి కొట్టేవే చప్పట్లని నాకు తెలియదు. అది మళ్లీ లేచిపోయింది. అజాన్ వినిపించింది. ఆ తర్వాత గానీ టాంగా మీద దిగలేదు.

తప్పంతా నాదేనని, ఇస్మాయిల్ ఓడినట్టు కాదని పటేల్ మీదికి వెళ్లాను. ఇస్మాయిల్ నన్ను పక్కకు జరిపాడు.

"ఓడిన సాబ్, ఒప్పుకుంట. గాని దిగింది చూసిన్రు గద. నా పేరు రాయుండ్రి."

ఓడినోనికి పేరెందుకని పటేల్ విసుక్కున్నాడు.

"ఓడిండని రాసెటందుకు గూడ పేరు గావాలె గద. మిద్దె అన్న కాడ టాంగా అని రాయుండ్రి."

రాసేదాకా అక్కడినుంచి కదల్లేదు. జనమూ కదల్లేదు. పటేల్ కలం తీసి రాశాడు.

మిద్దెలున్నవాళ్ల ఆటలన్నిటినీ కూలగొట్టాలని నేను ఇప్పటికీ అంటాను. ఇస్మాయిల్ మాత్రం ఓడిపోయి కూడా లోపలికి నడిచాడు. వచ్చే ఏడు అతన్ని ఆపాలంటే పటేల్ తన చేతిరాతనే కాదనాలి. మీరూ ఆ పందెం చూడబోతే ఒకటే చెబుతాను: పావురం దిగేటప్పుడు చేతులు కట్టుకుని కూర్చోండి.