బొడ్డు మీద చెయ్యి

కాలినడకన కొండెక్కినవాళ్లలో నడుంనొప్పి లేనిదెవరికి? పలమనేరు నుంచి వచ్చిన ఆ పెద్దాయనకూ అదేననుకుని, ఎమర్జెన్సీ డాక్టరునైన నేను నొప్పి ఇంజెక్షన్ రాసేశాను. బీపీ పడిపోతుంటే నర్సు ఆయన కడుపు మీద చెయ్యి వేసి చూసింది.

"సార్, బొడ్డుకు పైన గుండె మాదిరి కొట్టుకుంటా ఉండాది!"

స్కాన్ తీస్తే, కడుపులోని పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బి చిట్లుతోంది. వెంటనే ఆపరేషన్ చేసి బతికించారు. ఆస్పత్రంతా ఆమెనే పొగుడుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఆ చెయ్యి వేయాల్సింది నేను కదా!

నెల తర్వాత ఆయన భార్య పాలకోవా తెచ్చింది. "సిస్టరమ్మ లేదంట. మీరే ఇయ్యండి సార్, ఆయన బాగుండాడని చెప్పండి," అంది.

తలుపేసుకుని కోవా మొత్తం నేనే తిన్నాను. మర్నాడు నర్సు, "ఆ పెద్దాయన ఎట్లుండాడో సార్," అంది.

తెలియదన్నాను.