చేపల ముద్దలో ఉప్పు

తిరువూరు శివార్లో చేపల చెరువున్న సీతారామారావుగారు చేపలకు పెట్టే మేత ముందు తాను తిని చూడందే నీళ్ళలో వేయరు. వేలికొసన నాలిక్కి రాసుకోవడం కాదండోయ్! నిమ్మకాయంత ముద్ద నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, శుభ్రంగా నమిలి మింగుతారు.

కొత్తకోడలు శ్రీవల్లి మొదటిసారి ఆ దృశ్యం చూసి కాఫీ గ్లాసు జారవిడిచింది. బెజవాడలో పుట్టి పెరిగిన పిల్ల. మామగారికి కాఫీ ఇద్దామని పెరటి వెనక చెరువుగట్టు మీదికి వెళ్ళేసరికి, ఆయన టార్పాలిన్ పరిచిన గుంటలో తేలుతున్న పచ్చటి నాచును గుప్పిళ్ళతో తీసి, కడిగి, తవుడూ ఉప్పూ వేసి పిసికి, గుటుక్కుమనిపించారు.

"మామయ్యగారూ! అది నాచండీ!"

"నాచంటే దానికి కోపమొస్తుందమ్మాయ్. అజొల్లా అనాలి," అన్నారాయన ఆకుపచ్చ పళ్ళతో నవ్వుతూ. "ఇవాళ ఉప్పు తగ్గింది."

"మీరు తినడమేంటండీ?"

"మనం మింగలేనిది వాటికెలా పెడతాం? వాటికి మాత్రం నోళ్ళు లేవూ?"

శ్రీవల్లి ఒక్క పరుగున వంటింట్లోకి వచ్చి అత్తగారికి చెప్పింది. రావమ్మగారు పోపు గరిటె దించకుండానే, "ఉప్పన్నారా, పులుపన్నారా?" అని మాత్రం అడిగారు.

చెరువు చూడ్డానికొచ్చిన ఆఫీసరుగారిని కూడా ఆయన వదల్లేదు. "రుచి చూడండి సార్, మొహమాటపడకండి," అంటూ అరచేతిలో ముద్ద పెట్టారు. పాపం, ఆ పెద్దమనిషి మొహమాటపడి మింగేశాడు. ఆ తర్వాత రావమ్మగారు వేడివేడి పెసరట్లు తెస్తే దణ్ణం పెట్టి జీపెక్కాడు.

ఇదంతా నవ్వులాటగానే సాగేది. కానీ ఒకరోజు పక్కింటి ప్రమీలారాణి ప్రహరీ మీంచి అడిగిన మాట తలుపు వెనకున్న శ్రీవల్లి చెవిన పడింది.

"వదినా, అన్నయ్యగారికిది ఎప్పట్నుంచి?"

"మా అబ్బాయి అనుదీప్ పెళ్ళైన దగ్గర్నుంచే. అంతకుముందు హాయిగా చెక్క పెట్టేవారు, రుచీ గిచీ లేదు. పల్లీలంటే ప్రాణం పెట్టే మనిషి, ఇప్పుడవి పడవంటూ ఇంట్లోకే రానివ్వట్లేదు!"

"అయితే ఇంకేముంది? కోడలు కాలుపెట్టిన వేళావిశేషం!"

శ్రీవల్లి నిలువునా నీరైపోయింది. తన కాలు ఇంత పని చేసిందా? రేపు ఊరంతా ఇదే మాటంటే ఈ ఇంట్లో తలెత్తుకోవడం ఎలా? అంత దుఃఖంలోనూ ఇంకో సందేహం తొలిచేసింది. చేపలకు చెక్క పెట్టడమేంటి? కొయ్యచెక్కా? పోనీలే, కొయ్యయితే ఆయన నమల్లేరు, అదే పదివేలు అనుకుని మేత కొట్టు అంతోనయ్యకు ఫోన్ చేసింది.

"చేపలకి చెక్క ఉందాండీ?"

"మేలురకం ఉందమ్మా."

"ఎంత పొడుగుంటుంది?"

"పొడుగేంటమ్మా? బస్తా!"

సరే, రంపపుపొట్టు కాబోలనుకుంది. మధ్యాహ్నానికి ఆటోలో బస్తా వచ్చింది. గట్టు మీద దింపించి, మూతి కుట్టు కోద్దామని కత్తితో వంగింది.

"ముట్టుకోకు!"

ఆ కేకకు కొంగలు లేచిపోయాయి. అవతలి గట్టు నుంచి మామగారు పంచె ఎగ్గట్టి, బంతిలా దూసుకొచ్చి, బస్తాను వాటేసుకుని, బస్తాతో సహా దభాలున చెరువులో పడ్డారు. కుట్టు పిగిలింది. చేపలన్నీ పెళ్ళి బంతికొచ్చినట్టు ఎగబడ్డాయి.

"దూరం పో తల్లీ!" మెడలోతు నీళ్ళలోంచి అరిచారాయన. "అది వేరుశెనగ చెక్క! పల్లీల నూనె తీసిన పిండి!"

శ్రీవల్లి కొయ్యబారిపోయింది. పల్లీ తగిలితే తన మూతి వాచిపోతుందని ఈ ఇంట్లో ఎవరికీ తెలీదు! పెళ్ళిభోజనంలో పొరపాటున పల్లీపచ్చడి తిని అప్పగింతల వేళకు మొహం బూరెలా పొంగితే, పుట్టింటి మీద బెంగతో ఏడ్చిందని అందరూ జాలిపడ్డారు. రోగిష్టి పిల్లంటారు, నోరెత్తకు అని అమ్మ ఒట్టు వేయించుకుంది కూడా.

"మీకెలా తెలుసు మామయ్యగారూ?"

"ఏడిస్తే కళ్ళు వాస్తాయమ్మా. పెదాలు వాస్తాయా? అదీ పల్లీపచ్చడి తిన్న కాసేపటికే!"

ఆయన తలమీది నాచు దులుపుకుంటూ గట్టెక్కారు. "ఆ పొడి గాలికి లేస్తుందని చెక్క మానేసి అజొల్లా పట్టాను. తవుట్లో కూడా బలానికని అంతోనయ్య గుప్పెడు చెక్కపొడి కలిపేస్తాడు. అది కంటికి దొరకదు, నాలిక్కే దొరుకుతుంది."

"ఊరంతా మీకు పిచ్చంటోంది! ఒక్కమాట చెప్పచ్చు కదండీ!"

"నాకు పిచ్చంటే నవ్వి ఊరుకుంటారు. నీకు జబ్బంటే మీ పుట్టింటిదాకా పోతారు. పిచ్చే నయం కదమ్మా!"

శ్రీవల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఈసారి కళ్ళే వాచాయి.

మర్నాడు పొద్దున్నే కాఫీతో గట్టు మీదికొచ్చి, గ్లాసు మామగారి చేతికిచ్చి, ఆయన అప్పటికే రుచి చూసిన గిన్నెలోంచి ముద్ద తీసుకుని నోట్లో వేసుకుంది. ఆయన నోరు తెరుచుకుని చూస్తుండిపోయారు. ఈసారి గ్లాసు ఆయన చేతిలోంచి జారింది.

ప్రహరీ మీంచి కెవ్వున కేక వినిపించింది. "వదినా! కొంప మునిగింది! మీ కోడలికీ అంటుకుంది!"

వంటింట్లో గరిటె చప్పుడు ఒక్క క్షణం ఆగింది.

"ఉప్పంటోందా, పులుపంటోందా?"