డాక్టర్ కాని కరీముల్లా మాస్టారు

మొన్న మా ల్యాబులో ఓ అమ్మాయి అనిలీన్ సీసా మూత తీసింది. కుళ్ళిన చేపల వాసన గదంతా పట్టేసింది. పిల్లలు ముక్కులు మూసుకుని కిటికీల దగ్గరికి పరిగెత్తారు. నాకు కరీముల్లా మాస్టారు గుర్తొచ్చారు. ఆయనతోపాటు ఇన్నేళ్ళయినా చల్లారని కోపమూ గుర్తొచ్చింది.

ఎనభైల్లో నరసరావుపేటలో ఒక కాలేజీలో ఆయన కెమిస్ట్రీ లెక్చరర్. నేను ఆయన కింద కొత్తగా చేరిన డెమాన్‌స్ట్రేటర్‌ని. ప్లాస్టిక్ అంటే కరెంటు తీగకు తొడుగేనని అందరూ అనుకునే రోజుల్లో, కరెంటును పారనిచ్చే ప్లాస్టిక్ మీద ఆయన పీహెచ్‌డీ చేస్తుండేవారు. అనిలీన్‌తో ఆకుపచ్చ పొడి తయారుచేసి, అందులో టైటానియం ఆక్సైడ్ అనే తెల్లపొడిని, దొరికినంతలో అతి మెత్తటిదాన్ని, కొంచెం కొంచెం పెంచుతూ కలిపేవాళ్ళం. ఆ మిశ్రమాన్ని బిళ్ళలుగా నొక్కి, ఏ బిళ్ళలో కరెంటు ఎంత పారుతుందో కొలవాలి. నొక్కే యంత్రం మా కాలేజీకి ఎక్కడిది? మాచర్లలో వాళ్ళ అన్నగారి మెకానిక్ షెడ్డు నుంచి లారీ జాకీ మోసుకొచ్చారు.

"ఏందమ్మాయ్ అట్టా చూస్తావు? లారీని లేపేది బిళ్ళను నొక్కలేదా?" అని నవ్వారు.

తెల్లపొడి కాస్త కలిపితే కరెంటు బాగా పారింది. ఇంకా కలిపితే పడిపోయింది. నేను దిగులుపడ్డాను, ఆయన సంబరపడ్డారు. "పొడి ఎక్కువైతే దారికి అడ్డం పడతందమ్మా. ఇది చానా మంచి సంగతి," అన్నారు. ముసురులో తేమ వల్లేమోనని ఎండాకాలం దాకా ఆగి మళ్ళీ చేశాం. అప్పుడూ అంతే.

ఆ డిగ్రీ వస్తేనే ఆయనకు ప్రమోషన్. కొలతలన్నీ చుక్కలుగా పెట్టి గీసిన గ్రాఫు పట్టుకుని ఇద్దరం యూనివర్సిటీకి, ఆయన గైడ్ దగ్గరికి వెళ్ళాం. గైడ్ దాన్ని చూసి మొహం చిట్లించాడు.

"పొడి కలిపేకొద్దీ కరెంటు పెరుగుతుందని నేనిప్పటికే అందరికీ చెప్పాను. ఈ చివరి చుక్కలు తీసేయండి, థీసిస్ మీద సంతకం పెడతాను."

"అవీ కొలిచినయ్యే గదా సార్. ఎట్టా తీసేది?"

సంతకం పడలేదు. తిరుగు బస్సులో నేనే ఏడ్చాను.

కొన్నాళ్ళకు ఒక పత్రికలో అదే గ్రాఫు అచ్చయింది. అదే పెరగడం, అదే పడిపోవడం. పైన గైడ్ పేరు, పక్కన అతని కొత్త శిష్యుడి పేరు. మాస్టారు నిదానంగా చదివి, "చూశావా, గీత సరిగ్గా ఏశారు," అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ పేరేది మాస్టారూ?" అని అరిచాను. ఆయన పత్రిక మడిచి నా చేతిలో పెట్టారు. దొంగ మీదకన్నా ఆ రోజు ఆయన మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. మనిషన్నాక పోట్లాడొద్దా?

లెక్చరర్‌గానే రిటైరయ్యారు. వీడ్కోలు సభకు ముఖ్య అతిథిగా, ఎవరి తెలివో గానీ, ఆ గైడ్‌నే పిలిచారు. అతను మైకు పుచ్చుకుని, "మా శిష్యుడు డాక్టర్ కరీముల్లా..." అని మొదలుపెట్టాడు. ఆ డిగ్రీ తాను రానివ్వలేదని కూడా అతనికి గుర్తులేదు.

మాస్టారు కుర్చీలోంచి లేచారు. "డాక్టర్ని కాదు సార్. ఉత్త కరీముల్లానే."

గైడ్ నవ్వాడు. వినయమనుకుని సభంతా నవ్వి చప్పట్లు కొట్టింది.

కొలిచిన దాన్ని తుడిచేయకూడదని నాకు నేర్పింది మాస్టారే. నా విద్యార్థుల గ్రాఫుల్లో ఒక్క చుక్కనూ ఎవరినీ తీయనివ్వను. కానీ ఆ చప్పట్లను క్షమించడం ఆయన దగ్గర నేర్చుకోలేదు. ఇక నేర్చుకోను కూడా.