బడి దూలానికి అమ్మ చీర

ఆ బడి నాకు ఇప్పటికీ కలలో వస్తుంటుంది. కలలో దానికి గోడలుండవు. పిల్లల గొంతులుంటాయి, దూలానికి కట్టిన ఆకుపచ్చ చీర ఉంటుంది, ఎక్కాలు సాగినంత సేపూ ఆ చీర మెల్లగా ఊగుతుంటుంది. నిజానికి అది మా మామ ఖాళీ చేయించి ఇచ్చిన వడ్ల కొట్టు. వాన పడితే చాలు, పాత వడ్ల వాసన వేసేది.

మా ఊరు మిర్యాలగూడ నుంచి దామరచర్ల పోయే దారిలో, కాస్త లోపలికి ఉంటుంది. నైజాం రాజ్యం పోయిన కొత్తలో అక్కడికి తెలుగు బడి వచ్చింది. బడి కమిటీకి పెద్ద మా మామ. సూర్యాపేట నుంచి వచ్చిన అధికారి, చదువొచ్చిన ఆడమనిషి కూడా ఒకరుండాలన్నాడు. ఊరు మొత్తం వెతికితే నేనే దొరికాను. నేను కోదాడ నుంచి కోడలిగా వచ్చిన పిల్లను. నా యాస విని తోటి ఆడవాళ్లు నవ్వేవాళ్లు, నేనూ తిరిగి నాలుగు అంటించేదాన్ని. కమిటీ మా ఇంటి అరుగు మీద కూర్చునేది. నేను తలుపు వెనక నిలబడేదాన్ని. సభ్యురాలినే, కానీ కనబడకూడదు.

కమిటీ మొదటిసారి కూర్చున్న రోజు, బడికి ముందుగా ఏం కావాలన్న మాట వచ్చింది. మిర్యాలగూడ నుంచి గంట తేవాలని ఒకరు, చుట్టూ గోడ కట్టాలని ఒకరు. మా మామ మనసంతా కుర్చీ మీద ఉంది. అధికారి మళ్లీ వస్తే నులక మంచం మీద కూర్చోబెట్టడం ఊరికే నామోషీ అని ఆయన బాధ. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నాకు ఒళ్లు మండింది.

ఎందుకంటే నేను రోజూ మా పెరట్లోంచి ఆ బడి గడపను చూస్తున్నాను. మా పొలంలో కూలికి వచ్చే ఆమె కూతురు, ఎనిమిదేళ్లుంటాయేమో, తమ్ముణ్ణి చంకనేసుకుని గడప అవతలే నిలబడేది. వాడు ఏడిస్తే పాఠం సాగదని పంతులు లోపలికి రానిచ్చేవాడు కాదు. ఆ పిల్ల అక్కడే నిలబడి, లోపల చెప్పిన అక్షరాన్ని కాలి బొటనవేలితో మట్టిలో దిద్దుకునేది. నాట్లు మొదలైతే అదీ ఖతం, పిల్లగాణ్ణి చూసుకోవడానికి ఇంటి పట్టునే ఉంచుతానని వాళ్లమ్మ మా అత్తతో చెప్పడం నా చెవిన పడింది.

"గంట కంటే ముందు, కుర్చీ కంటే ముందు, బడికి ఉయ్యాల కావాలి మావయ్యా," అన్నాను తలుపు వెనక నుంచి.

అరుగు మీద నవ్వులు లేచాయి. బడి పెడుతున్నమా, బాలింత కొట్టు పెడుతున్నమా అన్నారెవరో. మామ మాత్రం నవ్వలేదు. ఉయ్యాల ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. ఆ పిల్ల సంగతి చెప్పి, నా దగ్గరుందన్నాను.

అది మా అమ్మ కట్టి కట్టి మెత్తబడ్డ చీర. నా మొదటి కాన్పుకు, ఉయ్యాల కట్టమని కోదాడ నుంచి పంపింది. బిడ్డ పురిట్లోనే పోయాడు. చీరను వేపాకు వేసి పెట్టె అడుగున దాచాను. దాన్ని బయటికి తీస్తానని చెప్పాను.

అంతలో ఒక పెద్దాయన అడ్డం పడ్డాడు. బడి విడిచాక ఖాళీ ఉయ్యాల దూలానికి వేలాడితే ఊళ్లో పసిపిల్లలకు కీడన్నాడు. సాయంత్రం విప్పి ఇంటికి తెచ్చుకుంటానన్నాను. అప్పుడు నా వెనక నుంచి మా అత్త, కూలోళ్ల పిల్లగాడు పండుకున్న చీర మళ్లీ తన ఇంట్లోకి రావడానికి వీల్లేదంది. ఆ రోజుల్లో అంటు అలా ఉండేది. అక్కడ ఉండకూడదు, ఇక్కడికి రాకూడదు. అయిపోయిందనుకున్నాను.

"అయితే పొద్దుగూకంగ ఆ పిల్లనే ఇప్పుకోని పోతది. తెల్లారి తెస్తది. గింతే," అన్నాడు మామ.

గంటకు బదులు అరిగిన నాగలి కర్రు ఒకటి వేలాడదీశారు. కుర్చీ మాట వెనకబడింది. చీర దూలానికెక్కింది. ఇంకో ఇద్దరు పిల్లలు కూడా చంకబిడ్డలతో వచ్చారు. మధ్యాహ్నాలు నేను పెరట్లో కూర్చుని వినేదాన్ని. ఎక్కం పైకి లేస్తే ఉయ్యాల అటు, దిగితే ఇటు. పంతులు ఒకప్పుడు ఉర్దూ చెప్పినవాడు, కునుకు పట్టినప్పుడు అలిఫ్, బే అని గొణిగేవాడు. ఎండ కూడా ఆ లయకే ఊగుతున్నట్టుండేది. నా బిడ్డ పోయాక నాకు నిద్ర పట్టింది ఆ పెరట్లోనే.

నాట్లు వచ్చాయి. ఆ పిల్ల ఇక బడికి రాదనుకున్నాను. కానీ తెల్లవారేసరికి తడి గట్ల మీద చంకలో తమ్ముడు, నెత్తిన చీర మూటతో ఆ పిల్ల వస్తూ కనబడింది. తర్వాత వాళ్లమ్మను అడిగితే, అది ప్రశ్నేనా అన్నట్టు చూసింది.

"పరాయి సొమ్ము ఇంట్ల వెట్టుకోని పొలానికెట్ల పోతనమ్మా? చీర ముట్టజెప్పనీకె పిల్ల పోవాలె గద. ఎట్లాగు పోయె, ఇగ ఆడ్నే కూసుంటది."

ఆ పెద్దాయనా మా అత్తా కలిసి పెట్టిన కట్టడే ఆ పిల్లను రోజూ బడికి పంపింది. నేను లోపలికెళ్లి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మరుసటేడు నాకు కూతురు పుట్టింది. అప్పటికి ఆ తమ్ముడు నడిచి బడికి వస్తున్నాడు. చీర ఉతికి, మడత పెట్టి పట్టుకుని ఆ పిల్ల మా గడప బయట నిలబడింది. నేను బాలింత మంచం మీద నుంచి చూస్తున్నాను. మా అత్త ఆ చీర వంక చాలాసేపు చూసింది. అక్కడ పెట్టి పొమ్మంటుందనుకున్నాను.

"లోపటికి రా బిడ్డా," అంది అత్త. "ఆ ముడి నీకే ఎరుక. నువ్వే కట్టు."

ఆ పిల్ల తన కాళ్ల వంక చూసుకుంది. గడప దాటి వచ్చింది. దూలానికి చీర కట్టి, నా కూతుర్ని పడుకోబెట్టింది. జోలపాటలేవీ రావేమో, రెండో ఎక్కం అందుకుంది. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను.